ఎక్కిన గేర్లనే దిగాలె

మా మామిడిపల్లి ఇంటి ముందల రేకుల షెడ్డు కింద ఒక తెల్ల అంబాసిడర్ ఉంటది. 1975 మోడల్, మార్క్ 3. పోయినేడు దానికి యాభై ఏండ్లు నిండినయి. నాకంటె ఐదేండ్లు పెద్దది. చిన్నప్పుడు అబ్బా దాన్ని చూపించి "యే తేరీ బడీ బహెన్ హై రే" అనేటోడు. నీ అక్క, ఇజ్జత్ ఇయ్యాలె అని. అక్క బానెట్ మీదికెక్కి ఆడినందుకు తన్నులు కూడా తిన్న.

అబ్బా ఇంతెఖాల్ అయ్యి ఏడేండ్లైతుంది. కారు మాత్రం ఉంది. నెలకోసారి స్టార్ట్ చేస్త, టైర్లల గాలి చూస్త, తుక్కుగూడ దాక తోలుకపోయి మళ్ల తెచ్చి షెడ్డుల పెడ్త. ఏడేండ్లల్ల నేను దానికి చేసిన ఖిద్మత్ అంతే.

యాభై నిండినయని తెలిసినంక దాని మీద జనాలకు మొహబ్బత్ పెరిగింది. పెండ్లిళ్లకు, సినిమా షూటింగులకు పాత బండ్లు కిరాయికిచ్చే ఒకాయన వచ్చి, చుట్టూ తిరిగి చూసి, రేటు చెప్పిండు. మంచి రేటే. వకీలు పని చేసే దోస్తు ఒకడు వేరే సలహా ఇచ్చిండు. "అమ్మకు భాయ్, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించు" అన్నడు. 2021ల కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఖాయిదా అది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపం తప్పకుండ ఉన్న బండికి పదేండ్ల సర్టిఫికేట్ ఇస్తరు. ఇజ్జతైన సంగతే. గానీ దాంట్ల ఒక షర్తు ఉంది. ఆ సర్టిఫికేట్ తీస్కున్న బండి రోజువారీగా రోడ్డెక్కొద్దు. ఎగ్జిబిషన్‌కు, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించుకోనీకి, రిపేరుకు పోవచ్చు, రావచ్చు. గంతే.

కాయితాలన్ని టేబుల్ మీద పరుచుకుని కూసున్న రోజు అమ్మీ చాయ్ తెచ్చింది. ఆమెకు డెబ్బై రెండు. ఏం కాయితాలు అని అడిగితే చెప్పిన. మొత్తం విని ఒక్కటే సవాల్ చేసింది.

"తో ఫిర్ ఘాట్ కు నై జాతీ?"

ఇగ ఘాట్‌కు పోదా అని. పోదు అమ్మీ అన్న. ఆమె కప్పు నా ముందల పెట్టి, "ముజే ఏక్ బార్ లేజాకే లా, ఫిర్ జో కర్తా కర్" అన్నది. నన్నొక్కసారి తీస్కపోయి తీస్కరా, తర్వాత నీ మర్జీ.

అప్పుడు తట్టింది నాకు. పాతికేండ్లు ఎంతెంతమందినో శ్రీశైలం ఘాట్ ఎక్కించిన మనిషి, ఇంట్ల బీవీని ఒక్కసారి కూడా తీస్కపోలేదు. టాక్సీల సీటంటే కమాయి. కమాయి సీట్ల ఇంటోళ్లు కూసుంటె ఆ రోజు పొయ్యి మీదికి ఏమొస్తది? అమ్మీ ఎన్నడూ అడగలేదు. మేం ఎన్నడూ సోంచాయించలేదు.

శ్రీశైలం సడక్ మా ఊరికి పరాయిది కాదు. మామిడిపల్లి నుంచి జర దూరం పోతే పహాడీ షరీఫ్. బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న గుట్ట పక్కనుంచే ఆ రోడ్డు దక్షిణానికి పోతది. తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమన్‌గల్, వెల్దండ, డిండి, ఆ అవతల ఘాట్ ఎక్కితే మన్ననూరు. దర్గా కాడికి రాంగనే అబ్బా స్పీడు తగ్గించి, అద్దం దించి బాబాకు సలాం చేసేటోడు. వెనక సీట్ల కూసున్న శ్రీశైలం ప్యాసింజర్లు కూడా ఆయన్ని చూసి దండం పెట్టేటోళ్లు. ఇంటి పెద్దకు చెప్పి బయల్దేరినట్టు ఉండేది.

ఆ బండిని అబ్బా 1983ల సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. అప్పుడది నల్ల బాడీ, పసుపు టాపు ఉన్న టాక్సీ. మామూలు దినాలల్ల బేగంపేట ఎయిర్‌పోర్టు కాడ నిలబడేటోడు. కార్తీకమాసం, శివరాత్రి వస్తే శ్రీశైలం కిరాయిలు. ఇప్పటి పిల్లలకు ఆ బండి సంగతి జర చెప్పాలె. కలకత్తా పక్కన ఉత్తరపారాల హిందుస్తాన్ మోటార్స్ తయారు చేసేది. ఇంగ్లండోళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 దాని ఖాందాన్. 1489 సీసీ పెట్రోలు ఇంజన్. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటది, హ్యాండ్ గేర్ అంటరు. పవర్ స్టీరింగ్ లేదు, మలుపుల మీద భుజాలతోని తిప్పాలె. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. గసువంటి బండిల మనుషుల్ని నింపి, టాపు మీద సామాను కట్టి, నల్లమల ఎక్కించి దించేటోళ్లు.

2008 మార్చిల ఎయిర్‌పోర్టు బేగంపేట విడిచి మా ఊరి పక్కకే వచ్చింది. రోజూ పట్నం అవతలికి పోయి స్టాండుల నిలబడ్డ మనిషికి, విమానాలు ఇంటి మీదికే వచ్చినయి. గానీ అప్పటికే ఏసీ బండ్ల జమానా. అంబాసిడర్‌ను పిలిచేటోళ్లు లేరు. అబ్బా టాక్సీ పర్మిట్ వదిలేసి, తెల్ల రంగు ఏయించి, సొంత బండిగా రాయించుకున్నడు. 2013ల బ్రిటన్ టీవీ ప్రోగ్రాం టాప్ గేర్‌ల దునియా టాక్సీలన్నిటికీ పోటీ పెడితే అంబాసిడర్ గెలిచింది. ఆ ఖబర్ నేనే అబ్బాకు చదివి వినిపించిన. "ఇప్పుడు తెలిసిందా వాళ్లకు" అని నవ్విండు. మర్సటేడు 2014 మే నెలల ఫ్యాక్టరీ ఉత్పత్తి ఆపేసింది. ఆ ఖబర్ కూడా నేనే చెప్పిన. ఏం మాట్లాడలే. బయటికి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి కొద్దిసేపు నిలబడ్డడు.

నన్ను మాత్రం ఒక్కసారి ఘాట్‌కు తీస్కపోయిండు. 1991 శివరాత్రికి. అంతకు రెండు నెలల ముందే, డిసెంబరుల, పట్నంల ఫసాదాలైనయి. కర్ఫ్యూ. కిరాయిలు లెవ్వు. ప్రతి శివరాత్రికి అబ్బా బండిలనే పోయే కిరాణా సేటు ఒకాయన ఉండె. ఈసారి రాడని అబ్బా అనుకున్నడు. ఆయన వచ్చిండు. వచ్చి, ఎప్పటిలెక్కనే పొద్దుగాల నాలుగింటికి బండి కావాలె అన్నడు. అబ్బా జర సేపు ఆగి, "పిల్లగాడు కూడా వస్తడు సేట్, ముందల సీట్ల కూసుంటడు" అన్నడు. ఎందుకు తీస్కపోయిండో అప్పుడు నాకు తెల్వదు, సంబురపడ్డ. ఇప్పుడనిపిస్తది, ఒక్కడే పోనీకి ఆయనకు ఖౌఫ్ అయ్యి ఉంటదని. పదకొండేండ్ల పిల్లగాడు ఏం కాపాడుతడు? అయినా.

మన్ననూరు ఘాట్ సగం ఎక్కినంక బండి దగ్గుడు మొదలువెట్టింది. రెండు ఝట్కాలిచ్చి నిలబడ్డది. అబ్బా హ్యాండ్ బ్రేకు గుంజి, వెనక చక్రానికి రాయి పెట్టి, బానెట్ లేపిండు. పాత పెట్రోలు బండ్లకు ఇది మామూలు మర్జ్. ఇంజన్ వేడికి పెట్రోలు పంపుల్నే ఆవిరైతది. పంపు నీళ్లలాంటి దాన్ని గుంజుతది గానీ ఆవిరిని గుంజలేదు. కార్బొరేటర్‌కు పెట్రోలు అందదు. దీనికి దవా ఒక తడి బట్ట. అబ్బా డిక్కీల నుంచి మడత పెట్టిన పాత బట్ట తీసి, నీళ్లల్ల ముంచి, పంపు చుట్టూ చుట్టిండు. అంతే, ఇగ ఇంతెజార్. మా పక్కనుంచి బస్సులు, జీపులు పోతున్నయి. నాకు షరమైంది. ఎంతసేపు అబ్బా, అందరు పోతున్నరు అన్న.

"పోనీ రే. పహాడ్ కిధర్ జాతా?" అన్నడు. కొండ యాడికి పోతది అని.

సేటు బీవీ గాబరా పడ్తుంటె సేటు అన్నడు, "ఇన్ని శివరాత్రులు తీస్కపోయి తీస్కొచ్చిండు, ఆయన చెయ్యి నాకెర్క." అబ్బా విననట్టే పంపు దిక్కు చూస్తున్నడు. గానీ విన్నడు. ఇంటికొచ్చినంక ఆ మాట అమ్మీకి చెప్పిండు. ఆ తర్వాత చాన ఏండ్లు చెప్పుకుంటనే ఉండె.

ఆ సఫర్‌లనే ఆయన నాకు ఘాట్ ఇల్మ్ చెప్పిండు. "జిస్ గేర్ మే చఢే, ఉసీచ్ గేర్ మే ఉతర్నా." ఏ గేర్ల ఎక్కితే ఆ గేర్లనే దిగాలె. పెట్రోలు మిగులుతదని న్యూట్రల్ల పడేసి దిగేటోళ్లను చూస్తే ఆయనకు గుస్సా. ఇంజన్‌తోని రిష్తా తెగితే బండి బరువంత బ్రేకుల మీద పడ్తది. కాలు తియ్యకుండ తొక్కితే డ్రమ్ములు కాలి, లైనింగ్ పట్టు పోతది. పెడల్ తొక్కుతుంటవు గానీ బండి నీ మాట వినదు. రెండో గేర్ల దిగితే ఇంజనే బండిని పట్టుకుంటది, బ్రేకును ముట్టి ముట్టి విడిస్తే సాలు. ఎక్కేటప్పుడు కూడా ఇంజన్ మొత్తుకునేదాక ఆగొద్దు, మలుపుకు ముందే గేరు తగ్గించాలె. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. ఎక్కే బండికి దిగే బండి దారియ్యాలె. ఈ ఆఖరుది చట్టంల కూడా ఉందని నేను జర్నలిస్టునైనంక తెలిసింది.

రంజాన్ ఈద్ అయిన రెండో ఆదివారం బయల్దేరినం. ముందే మిస్త్రీకి చూపించి ప్లగ్గులు, పాయింట్లు, బ్రేకు లైనింగులు అన్ని సాఫ్ చేయించిన. ఫజర్ నమాజ్ అయినంక అమ్మీ ముందల సీట్ల కూసున్నది. చెయ్యితోని సీటును రెండుసార్లు నిమిరింది. వెనక సీట్ల తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ, తోష్‌దాన్, అమ్మీ బట్ట సంచి. తోష్‌దాన్‌ల పరాటాలు, ఖాగీనా, మామిడికాయ అచార్. పహాడీ షరీఫ్ కాడ అమ్మీ నేను చెప్పకముందే అద్దం దించింది.

గంటకు యాభై, యాభై ఐదు. అంతకంటె ఎక్కువ నేను అడగలే, అది ఇయ్యలే. కొత్త బండ్లన్ని హారన్ కొట్టి దాటిపోయినయి. మా బిడ్డ ఫోన్ల చూసి, "మ్యాప్ చెప్పిన టైముకు మనం గంట లేటు బాబా" అన్నది. ఆమె దాదీ వెనక్కి తిరిగి, "పహాడ్ కిధర్ జాతా బేటీ?" అన్నది. స్టీరింగ్ మీద నా చెయ్యి ఆగింది. ఆ మాట అమ్మీ నోట ఎన్నడూ వినలేదు నేను.

మన్ననూరు ఘాట్ మొదలైంది. మూడో గేరు, రెండో గేరు. ఒక మలుపు కాడ నేను జర ఆలస్యం చేసిన. ఇంజన్ గొంతు మారింది. "గేర్ కమ్ కర్" అన్నది అమ్మీ, రోడ్డు దిక్కే చూసుకుంట. బండి తోలుడు రాదు ఆమెకు, ఘాట్ ఎక్కుడు ఇదే మొదటిసారి. అయినా తెలుసు. రెండు మలుపులు దాటినంక అదే దగ్గు, అవే ఝట్కాలు. ఆగిపోయింది. అదే జాగానో కాదో చెప్పలేను, గానీ అదే మర్జ్.

బానెట్ లేపి పంపు మీద చెయ్యి పెడితే సుర్రుమన్నది. బట్ట తెచ్చుడు మర్చిన. అన్ని సాఫ్ చేయించిన గానీ ఒక బట్ట ముక్క పెట్టుకోలె. దస్తీ తీస్తుంటె అమ్మీ దిగి వచ్చింది. చేతుల సంచి. దాంట్ల నుంచి మడత పెట్టిన నూలు బట్ట తీసి ఇచ్చింది. పాత ఓఢ్నీ ముక్క.

"అబ్బాది కూడా నువ్వే పెట్టేదానివా?"

"ఔర్ కౌన్ రఖ్తా థా?" ఇంకెవలు పెట్టేటోళ్లు అన్నది. ప్రతి శ్రీశైలం కిరాయికి ముందు రాత్రి తోష్‌దాన్‌తోని పాటు ఒక బట్ట ఉతికి మడత పెట్టేదట. నూలుదే కావాలె. కిరాయి నుంచి వాపస్ వచ్చినంక ఆ బట్ట తీసి చూసేదట. పొడిగా ఉంటె బండి ఆగలేదని, పెట్రోలు వాసన ఉంటె ఘాట్ మీద ఆగిందని తెలిసిపోయేది. ఆయన చెప్పినా చెప్పకున్నా. 1991ల ఆ పదకొండేండ్ల పిల్లగాడు చూసిన బట్ట కూడా ఈమెదే. ముప్ఫై ఐదేండ్లు అది డిక్కీలనే పుట్టిందనుకున్న నేను.

బట్ట తడిపి చుట్టి, బండి నీడల ముగ్గురం కూసున్నం. ఇప్పచెట్టు కింద పూలు రాలి ఉన్నయి. మా బిడ్డ ఒకటి తీసి వాసన చూసింది. ఒక జీపాయన ఆపి "టోయింగ్ పిలవాల్నా అన్నా" అని అడిగిండు. అక్కర్లేదు భయ్యా, దమ్ తీస్కుంటుంది అన్న. ఇరవై నిమిషాలకు ఒక్క సెల్ఫుకు లేచింది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దుగాల ఆరు దాక బండ్లు బంద్. అడవిల కొద్ది దూరం పోంగనే ఫరహాబాద్ గేటు వచ్చింది. నిజాం జమానాల పెట్టిన పేరు. ఫరహ్ అంటే ఖుషీ, ఆబాద్ అంటే వసిన జాగా. నేను పనిచేసిన డెస్కుల్ల ఈ పేరును ఫరూఖాబాద్ చేసిన కాపీలు కూడా దిద్దిన. ఈ ఖుషీనగర్ దాటి పోతే వచ్చే ఊర్లు దోమలపెంట, ఈగలపెంట. అబ్బా ప్యాసింజర్లను నవ్వించేది దీంతోనే. పాద్‌షా వస్తే ఖుషీ, డ్రైవర్ వస్తే దోమలు. పెంట అంటే ఇక్కడ చెంచుల గూడెం అని నాకు తెలుగు డిగ్రీల తెలిసింది. ఉర్దూ మీడియం బడిల ఘాట్ అంటే నది ఒడ్డున మెట్లని చదువుకున్న, తెలుగుల కనుమ అనే మాట ఉందని కూడా తర్వాతనే తెలిసింది. అబ్బాకు మాత్రం ఘాట్ అంటే కొండ రోడ్డే, ఇంకో మానా లేదు.

ఈగలపెంట దాటినంక రోడ్డు కృష్ణ దిక్కు దిగుతది. మలుపు మీద మలుపు. రెండో గేర్ల పెట్టి, దాన్ని వదల్లేదు. ఇంజన్ సన్నగా మూలుగుతుంటె బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు దిగింది. ఒక మలుపుల అడవి తెరుచుకుని శ్రీశైలం డ్యామ్ కనపడ్డది. పక్కకు ఆపిన. అమ్మీ దిగి చాన సేపు చూసింది. నది అవతల గుడి ఉన్న కొండ, దాని కింద పాతాళగంగ మెట్లు. కొండ ఘాట్ పోయి నది ఘాట్‌ల కలుస్తదని, బడిల చదివిన మానా, అబ్బా మానా రెండూ ఒక్క కాడనే ఉన్నయని చెప్తే అమ్మీ నవ్వింది. "రాత్రుళ్లు యాడ పండుకునేటోడు?" అని అడిగింది. అవతలి కొండ చూపించిన. దర్శనాలయ్యేదాక ఆడ పార్కింగుల, ఈ సీటు మీదనే, కాళ్లు ముడుచుకుని. ఆమె మళ్ల పోయి ముందల సీట్ల కూసుని, ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "పూరీ నీంద్ నై హోతీ హోంగీ" అన్నది. నిద్ర నిండేది కాదేమో అని.

వాపస్ ఎక్కేటప్పుడు ఒక ఇరుకు మలుపు కాడ పైనుంచి ఆర్టీసీ బస్సు వచ్చింది. మా బండిని చూసి డ్రైవర్ బస్సును పక్కకు ఆపి దారిచ్చిండు. నెరిసిన మీసాల మనిషి. మేం పక్కకు రాంగనే కిటికీల నుంచి చెయ్యి బయటికి పెట్టి సలాం చేసిండు. నాకా, బండికా తెల్వదు. అమ్మీ మాత్రం వాపస్ సలాం చేసింది.

మగ్రిబ్ వేళకు ఇల్లు చేరినం. ఆ రాత్రి వింటేజ్ కాయితాలు మళ్ల తీసి చూసిన. చౌమహల్లాల నిజాంల రోల్స్ రాయిస్ యాదికొచ్చింది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. తెప్పించుకున్న మహబూబ్ అలీ పాషా అది రాకముందే 1911ల ఖతమైండు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ జమానాల కూడా అది ఊరేగింపులకే వచ్చింది. ఇప్పుడు అద్దాల అవతల తళతళ మెరుస్తుంటది. ఖూబ్‌సూరత్ బండి. గానీ అది ఏ ఘాట్ ఎక్కలే, దాని పంపుకు ఎవరి ఓఢ్నీ చుట్టలే.

వకీలు దోస్తు చెప్పింది తప్పేం కాదు. ఉన్నది ఉన్నట్టు దాచుకోవాలనుకునేటోళ్లకు మంచి ఖాయిదానే. పాత బండ్ల పొగ గురించి వార్తలు రాసినోడిని, అది మాఫ్ అని కూడా అనను. రోజూ తోలే బండి కాదిది. కొన్ని రోజులు ఆగుదాం అనుకున్న. మామూలు రిజిస్ట్రేషన్‌కే మళ్ల ఐదేండ్ల రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఫిట్‌నెస్ చూపించి తీస్కుంట. ఆ ఐదేండ్లల్ల ఏడాదికోసారన్న నల్లమల చూపిస్త. తర్వాత దానికి చేతకాకుంటెనో, నాకు చేతకాకుంటెనో అప్పుడు అద్దాల సంగతి. కిరాయి బండ్లాయనకు ఫోన్ చేసి నై భాయ్ అని చెప్పిన.

పొద్దుగాల లేచి చూస్తే దండెం మీద ఆ ఓఢ్నీ ముక్క ఉతికి ఆరేసి ఉంది. అమ్మీ వాకిట్ల కూసుని ఉంది. "ఫ్యాన్ బెల్ట్ మార్పించు బేటా, కిచకిచ అంటుంది" అన్నది. నాకు వినపడలే. స్టార్ట్ చేసి చెవి పెట్టి చూసిన. నిజమే, అంటుంది.